ఇల్లు కొంటావా తమ్ముడూ, ముందు గీత ఎక్కడుందో చూసుకో

మొన్న కొయ్యూరులో బస్సు కోసం నిలబడితే మా వైపు కుర్రోడొకడు ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. వాట్సాప్‌లో ఒక ఫొటో. రోడ్డు పక్కన రేకుల ఇల్లు, ముందు కాస్త ఖాళీ జాగా, కింద రేటు. దాని కింద ‘అగ్రిమెంటు చేసి ఇస్తాం, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని రాసుంది.

‘‘అన్నా, ఈ రేటుకి నర్సీపట్నంలో ఇందులో సగం జాగా కూడా రాదు. తీసుకోమంటావా?’’ అన్నాడు.

‘‘అమ్మేదెవరు?’’ అన్నాను. ఎప్పుడో కిందనుంచి వచ్చి కొట్టు పెట్టుకున్న షావుకారట. ‘‘కొనేది నువ్వేనా?’’ అంటే కాసేపు నసిగాడు. డబ్బు పెట్టేది నర్సీపట్నంలో వాడి స్నేహితుడు. కాగితం మాత్రం వీడి పేరు మీద. పేరు పెట్టినందుకు ఎంతో కొంత ముట్టజెబుతారట. ‘‘నాదేటి పోయింది అన్నా, సంతకమే కదా’’ అన్నాడు.

నేనా బస్సు వదిలీసాను. వాడికి అరగంట చెప్పిందే ఇక్కడ రాస్తన్నాను. ఎందుకంటే ఆ ఫొటో వాడొక్కడికే రాలేదు, మన మన్యం గుంటల ఫోన్లన్నిటికీ తిరుగుతోంది.

ఇల్లు కొనడం గురించి యూట్యూబులో బోలెడు వీడియోలున్నాయి. వాస్తు చూసుకో, నీళ్లు చూసుకో, బ్యాంకు వడ్డీ చూసుకో అంటారు. హైదరాబాదు వాడికి అవి చాలు. కొయ్యూరు వాడికి చాలవు. మనం అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: ఈ ఇల్లు గీతకి పైనుందా, కిందనుందా?

గీత అంటే జిల్లా గీత కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చి కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిపోయాయి. అంతకుముందు రెండూ విశాఖ జిల్లాయే. కానీ భూమి గీత అప్పుడూ ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది. అది రాజ్యాంగం అయిదో షెడ్యూలు గీత. రాష్ట్రపతి ఉత్తర్వులో ఊరు పేరుంటే ఏజెన్సీ, లేకపోతే మైదానం. ఎంత కొండ మీదున్నా, ఊరంతా గిరిజనులే ఉన్నా, పేరు లేకపోతే మైదానమే. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం మండలాల్లో అలాంటి ఊళ్లు చాలా ఉన్నాయి. వాటిని నాన్‌షెడ్యూల్డ్ గిరిజన గ్రామాలంటారు. అక్కడోళ్లు మమ్మల్ని కూడా షెడ్యూల్లో కలపండని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. వాళ్ల సంగతి మళ్లీ చెప్తాను.

గీతకి పైన, అంటే కొయ్యూరులాంటి చోట, 1/70 చట్టం నడుస్తది. పేరు అందరికీ తెలుసు, లోపల ఏముందో చాలామందికి తెలీదు. అసలు మొదలు 1917. అప్పటి మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూమి బదిలీల చట్టం తెచ్చింది. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి పోవాలంటే ఏజెంటు అనుమతి కావాలంది. ఆ అనుమతి ఎంత గొప్పగా కాపాడిందో మన తాతలకి తెలుసు. అల్లూరి లేచింది ఆ చట్టం వచ్చిన అయిదేళ్లకే. మంపలో పట్టుకుని ఇదే కొయ్యూరులో 1924 మే 7న కాల్చీసారు. తరవాత 1959లో కొత్త రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని 1970లో మొదటి రెగ్యులేషన్‌తో సవరించారు. అదే 1/70. ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమలు.

అందులో ముఖ్యమైనవి మూడు. ఏజెన్సీలో స్థిరాస్తిని ఎవరు అమ్మినా, గిరిజనుడమ్మినా గిరిజనేతరుడమ్మినా, కొనేవాడు గిరిజనుడే అయ్యుండాలి, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం అయ్యుండాలి. అలా కాకపోతే ఆ అమ్మకం చెల్లదు. రెండోది, గిరిజనేతరుడి చేతిలో ఏజెన్సీ భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటాది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాడే. మూడోది మనోళ్లు ఎక్కువగా మోసపోయేది: బదిలీ అంటే అమ్మకమొక్కటే కాదు. తాకట్టు, లీజు, గిఫ్టు, మారకం, ఆఖరికి ఆస్తి గురించి చేసుకున్న ఒప్పందం కూడా బదిలీ కిందకే వస్తది. ‘అమ్మలేదండి, అగ్రిమెంటే కదా’, ‘అమ్మలేదండి, ముప్ఫయ్యేళ్ల లీజే కదా’ అంటే కుదరదు. స్థిరాస్తి అంటే పొలమొక్కటే కూడా కాదు, ఇల్లూ ఇంటిజాగా అన్నీ అందులోవే. 1978లో ఇంకో సవరణతో ఇలాంటి దస్తావేజులు రిజిస్ట్రేషన్ చెయ్యకూడదని రిజిస్ట్రారు చేతులు కూడా కట్టీసారు. తప్పు చేసిన వాడికి జైలు శిక్ష కూడా పెట్టారు.

ఇప్పుడా వాట్సాప్ ఫొటో మళ్లీ చూడండి. ‘రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అంటే అక్కర్లేక కాదు, అవదు కాబట్టి. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. తెలియనోడు ఆ కుర్రోడొక్కడే.

‘నాదేటి పోయింది, సంతకమే కదా’ అన్న మాట నేను ఇంతకుముందు విన్నదే. పాతికేళ్ల కింద మా మావ అదే అన్నాడు. మా అమ్మ తమ్ముడు. ఒక కాంట్రాక్టరు ఏజెన్సీలో రోడ్డు పక్కన నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నాడు. కాగితాలు మావ పేర, పన్ను మావ పేర, కరెంటు మీటరు మావ పేర. ఇచ్చింది పాతిక వేలు. ఆ డబ్బుతో మావ రెండెడ్లు కొన్నాడు. ఒకటి రెండేళ్లకే చచ్చిపోయింది. ఇల్లు మాత్రం పెరిగింది. నాలుగు గదులు ఎనిమిదయ్యాయి, కింద కొట్లు వచ్చాయి. మావ దానికి యజమాని, కాగితాల్లో. నిజానికి దాని వాకిలి ఊడ్చేవాడు మావే, నెలకింత అని.

అక్కడితో అయిపోలేదు. పక్కా ఇళ్ల జాబితా వచ్చినప్పుడు మావ పేరు కొట్టీసారు. నీకు శ్లాబు ఇల్లుంది కదా అన్నారు. మావ అప్పటికి తాటాకు పాకలో ఉంటన్నాడు. తరవాత గత ప్రభుత్వం పథకాలకి ఆరంచెల వడపోత పెట్టింది గుర్తుందా? నెలకి సగటున 300 యూనిట్లు దాటి కరెంటు కాలిస్తే అనర్హుడన్నారు. కింద కొట్లలో ఫ్రిజ్‌లు, పైన ఏసీలు. అన్నీ మావ మీటరే. మావ బియ్యం కార్డుకి ఎసరొచ్చింది. పింఛనుకి ఎసరొచ్చింది. ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న మనిషి ఏసీలు వాడే షావుకారై కంప్యూటర్లో కూర్చున్నాడు. ఆఫీసులో మావ ఏమని చెప్పగలడు? ‘ఆ ఇల్లు నాది కాదయ్యా’ అంటే, ‘మరి నీ పేరెందుకు పెట్టావు’ అంటారు. నిజం చెప్తే తప్పు ఒప్పుకున్నట్టు, చెప్పకపోతే పింఛను పోయినట్టు.

అందుకే తమ్ముడూ, బినామీకి పేరిస్తే పోయేది సంతకం కాదు. సర్కారు దగ్గర నీ పేదరికం పోద్ది. నీ రికార్డులో ఇంకొకడి మేడ ఉంటాది, నీ పాక ఉండదు.

ఇంకో రకం కూడా ఉంది, అది చెప్పడానికి నోరు రాదు గానీ చెప్పాలి. మన అప్పలని, చెల్లెళ్లని పెళ్లి అని చెప్పి తెచ్చుకుని వాళ్ల పేర జాగాలు కొని, పనైపోయాక వదిలీసినవాళ్లు ఉన్నారు. ప్రేమించి పెళ్లి చేసుకుని బాగా ఉన్నవాళ్లూ ఉన్నారు, కులం దాటినవాళ్లందరినీ అనడం లేదు. నీ పేరు మీద ఇల్లు కొన్నానంటే ఆ కాగితాలు నీ దగ్గరున్నాయా, బీరువా తాళం నీ దగ్గరుందా అని ఆడపిల్ల అడగాలి. అడిగితే కోపమొచ్చినవాడి సంగతి అక్కడే తెలిసిపోద్ది.

న్యాయం కోసం ఇది కూడా చెప్పాలి. ఏజెన్సీలో ఉన్న గిరిజనేతరులందరూ దొంగలు కాదు. 1917కి ముందునుంచీ ఉన్న కుటుంబాలున్నాయి, కూలికొచ్చి గుడిసె వేసుకున్న దళితులున్నారు, చాకలి మంగలి పనులు చేసుకునేవాళ్లున్నారు. చట్టబద్ధంగా ఉన్న ఇల్లు పిల్లలకి వారసత్వంగా పోద్ది, దానికి 1/70 అడ్డం రాదు. అమ్ముకోవాలంటే గిరిజనుడికే అమ్మాలి. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వమే తీసుకుని పరిహారమివ్వాలని అడిగే దారి కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ దారి దుమ్ము పట్టిపోయింది. దాన్ని తెరవమని అడిగే నాయకుడు ఒక్కడూ కనపడడు. చట్టమే తీసెయ్యమనే వాళ్లు మాత్రం కనపడతారు.

ఆ సంగతికొద్దాం. 2025 జనవరి చివర్లో విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగింది. మన కింద నర్సీపట్నం ఎమ్మెల్యే, అసెంబ్లీ స్పీకరు చింతకాయల అయ్యన్నపాత్రుడు గారు అక్కడ మాట్లాడుతూ, ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70ని సవరించాలన్న మాట తెచ్చారు. మన్యం భగ్గుమంది. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో 48 గంటల బంద్ జరిగింది. చట్టాన్ని మార్చే ఆలోచనే లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు గారు ప్రకటించాల్సొచ్చింది. మంచిదే. కానీ ఆ మాట అంత సులువుగా నోట్లోంచి ఎందుకొచ్చిందో ఆలోచించాలి. హోటలు కట్టేవాడికి జాగా కావాలి. ప్రభుత్వం తన భూమి లీజుకిద్దామంటే 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు అడ్డం ఉంది. ఏజెన్సీలో ప్రభుత్వం కూడా గిరిజనేతరుడి కిందే లెక్క, ప్రైవేటు కంపెనీకి భూమి లీజుకివ్వకూడదని ఆ తీర్పు. అనంతగిరి కొండల్లో గనుల మీద ‘సమత’ అనే చిన్న సంస్థ వేసిన కేసది.

బంద్ రోజు రోడ్డు మీద కూర్చున్నవాళ్లలో పెద్దోళ్లే ఎక్కువ. డిగ్రీ చదివిన మన గుంటలు కొందరు నాతో వేరే మాటన్నారు. ‘‘అన్నా, మా ఇంటికి రేటేదీ? అదే ఇల్లు నర్సీపట్నంలో ఉంటే ముప్ఫయి లక్షలు. ఇక్కడ అయిదుకి కూడా కొనేవాడు లేడు. బ్యాంకోడు లోనివ్వడు. చట్టం మమ్మల్ని కాపాడతందా, కట్టేస్తందా?’’ ఇది పిచ్చి ప్రశ్న కాదు. దీనికి జెండా ఎగరేసి జవాబు చెప్తే చాలదు.

రేటు తక్కువన్నది నిజం. కానీ ఆ తక్కువ రేటుకి కొనేది ఎవరు? నీ చెల్లి, నీ బావమరిది, పక్క ఊరి టీచరు కొండదొర, భగత, వాల్మీకి. నీకు రేటు పెరిగిన రోజున నీ తమ్ముడికి కొయ్యూరులో ఇల్లు కొనే స్తోమత ఉండదు. నీకు ఒక్కసారి ముప్ఫయి లక్షలొస్తాయి, మీ వంశానికి ఊరు పోద్ది. కథలు చెప్తన్నాననుకుంటే అమెరికా లెక్క చూడండి. 1887లో అక్కడి ఆదివాసీల ఉమ్మడి భూముల్ని మనిషికింత అని పంచి, కొన్నాళ్లయ్యాక అమ్ముకునే హక్కిచ్చే చట్టం తెచ్చారు. దాని పేరు డాస్ చట్టం. అప్పుడు వాళ్ల చేతిలో సుమారు 13.8 కోట్ల ఎకరాలుండేవి. 1934లో ఆ పద్ధతి ఆపేనాటికి మిగిలింది సుమారు 4.8 కోట్లు. ‘మిగులు భూమి’ అని సర్కారు లాక్కుంది కొంత, అప్పులకీ పన్నులకీ అమ్ముకున్నది కొంత. అక్కడా మొదట చెప్పింది అభివృద్ధి అనే.

లోను సంగతి మాత్రం వేరు. 1/70 వల్ల బ్యాంకు లోను రాదన్నది సగం అబద్ధం. 1971లోనే ఇంకో సవరణ తెచ్చారు. స్వాధీనం ఇవ్వకుండా సహకార సంఘాలకి, బ్యాంకులకి తాకట్టు పెట్టుకోవచ్చు. బాకీ కట్టకపోతే వేలం వేసినా గిరిజనుడికే అమ్మాలి, అంతే. బ్యాంకుకి ఆ షరతు నచ్చదు, అందుకని ‘చట్టం ఒప్పుకోదు’ అని తిప్పి పంపిస్తాది. మన పోరాటం ఆ కౌంటరు దగ్గర చెయ్యాలి. లోను ఎందుకివ్వరో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వమంటే చాలామంది మేనేజర్ల గొంతు మారిపోద్ది. ప్రభుత్వం గ్యారంటీ ఉండి లోనిప్పించాలని అడగడం న్యాయమైన డిమాండు. చట్టం తియ్యమనడం కొంప తగలబెట్టి చలి కాచుకోవడం.

సరే, నువ్వు గిరిజనుడివే, ఏజెన్సీలోనే గిరిజనుడి దగ్గరే కొంటన్నావు. అప్పుడేటి చూడాలి? మొదట ఆ భూమి ఏ రకమో చూడు. జిరాయితీ అయితే కొనొచ్చు. నువ్వు ఎస్టీవని డిక్లరేషనిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు, చేయించుకోవాలి కూడా. మనలో మనకేటి కాగితాలు అనుకోవద్దు. అన్నదమ్ముల పిల్లల తరం వచ్చేసరికి నోటిమాట ఎవడికీ గుర్తుండదు. అటవీ హక్కుల పట్టా అయితే, అంటే 2006 చట్టం కింద ఇచ్చినదైతే, అది వారసులకి పోద్ది గానీ అమ్మడానికి, బదిలీకి లేదు. గిరిజనుడికి కూడా అమ్మకూడదు. అది భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలని ఆ చట్టమే చెప్తది, మీ ఇంట్లో పట్టా తీసి అమ్మ పేరుందో లేదో ఈ రోజే చూడండి. డి-పట్టా అయితే తహసీల్దారు ఆఫీసులో అడక్కుండా చెయ్యి వెయ్యొద్దు. ఇక ఊరి మధ్యలో గ్రామకంఠం ఇళ్లు. వీటికి పాసుపుస్తకాలుండవు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలిచి ఇలాంటి ఇళ్లకి ఆస్తి కార్డులిస్తన్నారు. మీ ఊళ్లో ఇళ్ల సర్వేకి ఎవరొచ్చినా ఆ రోజు కూలికి పోవద్దు, ఇంటి దగ్గరే ఉండండి. ఎవరు ఇంట్లో కనపడితే వాడి పేరు రాసుకుని పోతే, రేపు బినామీ వాడి పేరు ఆస్తి కార్డెక్కుద్ది. గ్రామసభలో జాబితా చదివినప్పుడు చెవి పెట్టి వినండి.

ఇంకొక మాట ప్రచారంలో ఉంది, ‘పన్నెండేళ్లు ఉంటే మనదే అయిపోద్ది’ అని. ఆక్రమణలో ఉంటే హక్కొచ్చే ఆ పాత సూత్రం గిరిజన భూమి విషయంలో నడవదని ఒడిశా కేసులో సుప్రీంకోర్టు 2003లో చెప్పింది. మన దగ్గర కూడా ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు దగ్గర ఎల్‌టీఆర్ కేసు వెయ్యొచ్చు. పోగొట్టుకున్నవాడే వెయ్యాలని లేదు, అధికారి తనంతట తాను కూడా తీసుకోవచ్చు. గెలిస్తే భూమి అసలువాడికో, వాడి వారసులకో తిరిగొస్తది. కేసు నడిచే ఏళ్లు మాత్రం లెక్కపెట్టుకోవద్దు, కడుపు మండుద్ది.

ఇప్పుడు గీతకి కిందకి వద్దాం. ఉద్యోగమొచ్చిన మన పిల్లలు చాలామంది నర్సీపట్నం చుట్టుపక్కల జాగా కొంటన్నారు. పిల్లల చదువులు, ఆసుపత్రి, అన్నీ అక్కడే మరి. అక్కడ 1/70 లేదు, నీకు అడ్డం లేదు, అలాగే కాపలా కూడా లేదు. నీ కళ్లే నీకు కాపలా. కొండ దిగినవాడు అమాయకుడని బ్రోకరుకి నీ మాట తీరులోనే తెలిసిపోద్ది.

ఈసీ తీయించు, కనీసం ముప్ఫయ్యేళ్లకి. ఐజీఆర్‌ఎస్ వెబ్‌సైట్లో ఫోన్లోనే చూసుకోవచ్చు. లింకు దస్తావేజులన్నీ ఒరిజినల్ చూపించమను, జిరాక్సు చూపిస్తే ఒరిజినల్ ఏ బ్యాంకులో తాకట్టుందో అని అనుమానించు. సర్వే నంబరు 22-ఎ నిషేధ జాబితాలో ఉందేమో చూడు. లేఅవుటుకి అనుమతి నంబరుందా? అయిదొందల చదరపు మీటర్లు దాటిన లేఅవుటైతే రెరాలో రిజిస్టరయ్యుండాలి. ఆ నంబరు బోర్డు మీద కాదు, రెరా వెబ్‌సైట్లో చూడు. ‘అనుమతికి పెట్టాం, వచ్చేస్తది’ అంటే వచ్చాక కొను. వాన కురిసిన మర్నాడు వెళ్లి చూడు. ఎండాకాలంలో ప్రతి జాగా బంగారంలాగే ఉంటాది. ఆషాఢంలో వెళ్తే అది చెరువు గర్భమో, వాగు దారో నీళ్లే చెప్తాయి. పక్కనున్న ముసలమ్మని అడుగు, ఇక్కడ ముందేటుండేదమ్మా అని. ఆవిడ చెప్పేది ఏ వెబ్‌సైట్లోనూ ఉండదు.

గొలుగొండ, నాతవరం వైపు చౌకగా వస్తందంటే రెండుసార్లు ఆగు. ఇందాక మళ్లీ చెప్తానన్న నాన్‌షెడ్యూల్డ్ ఊళ్లు అవే. ఆ చౌక భూమి నీలాంటి గిరిజనుడి డి-పట్టా అయ్యే అవకాశం ఎక్కువ. ఏజెన్సీలో మనల్ని తిన్నవాడి పద్ధతిలోనే నువ్వు గీత కింద గిరిజనుడి భూమి తింటావా? అసైన్డు భూముల మీద 1977 చట్టం కూడా ఉంది.

‘జీపీఏ రాసిస్తాం, అది చాలు’ అంటే చాలదు. జీపీఏ మీదా, అగ్రిమెంటు మీదా ఇల్లు నీదవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. రిజిస్టరైన సేల్ డీడే ఇల్లు. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం అవుద్ది. అది తప్పించుకుందామని దస్తావేజులో సగం ధర రాయించుకోవద్దు. రేపు గొడవొస్తే, లేదా రోడ్డు కోసం ప్రభుత్వం తీసుకుంటే, నీకొచ్చేది కాగితం మీదున్న ధరని పట్టే. చేతిలో పెట్టిన నోట్లకి సాక్షి ఉండడు.

కొనడం కన్నా కట్టుకోవడం మనలో ఎక్కువ. పీఎం ఆవాస్ గ్రామీణ్‌లో కొండ ప్రాంతాలకి యూనిట్ 1.30 లక్షలు. ఆదిమ తెగలకి జన్‌మన్‌లో 2 లక్షలు. సగంలో ఆగిన ఇళ్లకి 2025 మార్చిలో రాష్ట్రం ఎస్టీలకి 75 వేలు, ఆదిమ తెగలకి లక్ష అదనంగా ఇస్తామంది. రోడ్డు లేని ఊరికి సిమెంటు బస్తా ఎక్కాలంటే బస్తా ధరకి మోత కూలీ కలుస్తది. రోగుల్ని డోలీలో దించే దారిలోనే ఇసకని తలమీద ఎక్కిస్తన్నాం. ఆ లెక్క అంచనాలు వేసే ఆఫీసులో ఎవడికీ లేదు. అందుకే మన ఊళ్లలో పునాది దగ్గర, లింటెల్ దగ్గర ఆగిపోయిన గోడలు అన్ని కనపడతాయి. నా మాట వింటే చిన్నగా మొదలెట్టండి. పథకం అడిగేది వంటగదితో కలిపి 25 చదరపు మీటర్లే. పెద్ద పునాది వేసీసి వడ్డీకి తెచ్చి ఆగిపోయేకన్నా, చిన్నింటికి తలుపు బిగించుకుని లోపల పడుకోవడం మేలు. శ్లాబు వేశాక కనీసం పది రోజులు నీళ్లు నిలబెట్టండి. మేస్త్రీ రెండు రోజులకి సెంట్రింగు విప్పీస్తానంటే ఒప్పుకోవద్దు, వాడికి ఇంకో ఇంట్లో పనుంది కాబట్టి తొందర.

ఉన్న ఇంటిని చూసుకోవడం గురించి ఎక్కువ చెప్పను, మీ అమ్మకి నాకన్నా బాగా తెలుసు. వానాకాలానికి ముందు రేకుల బోల్టులు, వాషర్లు చూడండి, గాలివానకి ఎగిరేది అక్కడే. గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా కాలవ తియ్యండి. దోమ ముసిరితే మలేరియా, అది మన్యంలో కొత్తగా చెప్పాలా. మీటరుకి ఎర్తు వేయించండి, సర్వీసు వైరు తగిలే చోట బట్టలారెయ్యొద్దు. పట్టా కాగితం పెట్టె అడుగున చీరల మధ్య దాస్తే చెదలు ముందు దాన్నే తింటాయి. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్లో ఫొటో తీసి ఇంకొకరికి పంపి ఉంచండి. ఇంటి పన్ను ఏటా కట్టి రసీదు దాచండి. రసీదుంటే ఇల్లు నీదైపోదు, కానీ నువ్వక్కడ ఉంటన్నావనడానికి అదొక సాక్ష్యం.

ఆ కుర్రోడు ఆ రోజు నా ముందే నర్సీపట్నం స్నేహితుడికి ఫోను చేసి ‘కుదరదు బ్రో’ అన్నాడు. అవతలివాడు ‘పర్లేదులే, ఇంకొకడిని చూస్తాను’ అన్నాడట. ఆ ఇంకొకడు ఈ వ్యాసం చదువుతుంటే, సంతకం పెట్టే ముందు మీ ఊరి సచివాలయానికెళ్లి నీ ఆధార్ నంబరు మీద ఇప్పటికే ఎన్ని మీటర్లున్నాయో, ఎన్ని ఇళ్లున్నాయో ఒకసారి అడుగు. మా మావ అలా అడగడానికి వెళ్లింది ఇరవయ్యేళ్లు ఆలస్యంగా. ఎవరెవరి కాళ్లో పట్టుకుని మీటరు పేరు మార్పించుకున్నాడు గానీ, ఇంటి దరఖాస్తు మాత్రం ఇంకా ‘పక్కా ఇల్లు ఉంది’ అనే వెనక్కొస్తంది.